సన్నసెగ చరిత్ర

ఉగాది సంచికలో మాంసం వంట గురించి వ్రాయడమేమిటని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చును. ఉగాది నాడు మన ఇళ్ళలో వండేది బొబ్బట్లు, పులిహోర, వేపపూత పచ్చడి. ఆ సంగతి ఎవరూ మరువలేదు. కాని పండుగ ఒక్కరోజు, సంసారం ఏడాది పొడుగునా. అందులోనూ ఊరు విడిచి వచ్చిన సంసారానికి వంట అనేది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, డ్యూటీ వేళలకు సంబంధించిన విషయం కూడాను. అందుచేత ఈ నాలుగు మాటలూ వ్రాయడానికి సాహసిస్తున్నాను.

ఈ మధ్య అమెరికానుంచి సెలవులకు వచ్చే మన పిల్లలు వెంట ఒక కరెంటు కుండను తెస్తున్నారు. దాని పేరు స్లో కుక్కరు. పొద్దున్న పనికి పోయేముందు కైమాలో ఉల్లిపాయ, రొట్టెపొడి, గుడ్డు కలిపి, రొట్టె ఆకారంగా ఒత్తి అందులో పెట్టి, మూత వేసి స్విచ్చి నొక్కి పోతారు. తిరిగివచ్చే వేళకు ఉడికి ఉంటుంది. దానిని వారు మీట్‌లోఫ్ అంటారు. మన భాషలో మాంసపు రొట్టె అనుకోవచ్చును. లంజిపల్లిలో ఒకరింట ఈ వంట చూచి ఒక పెద్దావిడ, "ఎనిమిది గంటలా! ఈలోగా మేక మళ్ళీ పుడుతుంది కదురా" అని నవ్వింది. అందరమూ నవ్వాము. తరువాత మాటల మీద, తన పుట్టింటి పెరట్లో పాలదాలి ఉండేదని ఆవిడే చెప్పింది. దాలిలో పాలు ఎంతసేపు కాగేవి మామ్మా అని అడిగితే, "పొద్దుట పెడితే దీపాలవేళకు తీసేవాళ్ళం" అన్నది. అంటే ఎనిమిది గంటలకు పైమాటే.

దాలి ఎరగని చిన్నవారి కోసం కొంచెం చెప్పాలి. పెరట్లోనో వంటింటి మూలనో మోకాలు లోతు లేకుండా ఒక గుంట, దాని అంచుకు మట్టి మెత్తి ఉంటుంది. అందులో పిడకలు పేర్చి, పొయ్యిలోనుంచి నాలుగు నిప్పులు తెచ్చి వేసి, రాజుకున్న తరువాత పైన ఊకో బూడిదో కప్పుతారు. మంట లేవకూడదు, నిప్పు ఆరిపోకూడదు. అదంతా చేతివాటం మీద ఆధారపడిన పని. దానిమీద పాలకుండ పెట్టి మూత వేసి వదిలేస్తే పాలు పొంగిపోవు, అడుగంటవు. సాయంకాలానికి ఎర్రబడి, మీగడ మందంగా కట్టి, పిడక పొగ వాసనతో ఉంటాయి. ఆ పాలు తోడుపెట్టిన పెరుగు తిన్నవారికి ప్యాకెట్టు పెరుగు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. కాని దాలి ఎందుకు పుట్టిందన్నది ఎవరూ అడగరు. రుచికోసం అని కొందరంటారు. నాకు మాత్రం అలా తోచదు. ఊడుపులకో, కోతలకో, దంపుళ్ళకో పొద్దున్నే ఇల్లు విడిచిపోయే ఆడది పాలు పొంగకుండా కాపలా కూర్చోలేదు. కాపలా లేకుండా కాగే పొయ్యి కావలసివచ్చింది, దాలి పుట్టింది. రుచి దాని వెంట వచ్చింది. సన్నసెగ వంట తీరికగలవారి వంట అని ఇప్పటి పుస్తకాలు వ్రాస్తున్నాయి. నిజానికి అది తీరిక లేనివారి వంట. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకొని దేశదేశాల చరిత్ర చూస్తే చాలా సంగతులు విడిపోతాయి.

మన గంజాం వలసల జిల్లా. గోపాలపురం రేవునుంచి ఓడలెక్కి రంగూను పోయినవారెందరో! 1893కూ 1896కూ మధ్య బెజవాడనుంచి కటకం దాకా తూర్పుతీరపు రైలుమార్గం పడింది. 1902లో దాని ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. ఖర్గపూరులో ఆ కంపెనీ వర్కుషాపు పెట్టగా తెలుగువారు వేలకొద్దీ అక్కడికి చేరి స్థిరపడ్డారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమై, బరంపురం మద్రాసు రాజధానినుంచి విడిపోయింది. అప్పుడు మనలో కొందరు ఇల్లు కదలకుండానే ప్రవాసులైనారు. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే, 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే అని బోర్డు మీద పేర్లు మారినాయి. బోర్డు మారినా ఆరింటికి, రెండింటికి, రాత్రి పదింటికి మారే షిఫ్టులు మారలేదు.

ఆ షిఫ్టుల్లో ఒంటరిగా ఉన్న మగవాడు ఏమి తినేవాడన్నది చరిత్రలో ఎవరూ వ్రాయలేదు. పెళ్ళాం బిడ్డలు ఊళ్ళో, తాను క్వార్టర్సులో. డ్యూటీ దిగి వచ్చేసరికి పొయ్యి చల్లారి ఉంటుంది. వండుకునే ఓపిక ఉండదు, హోటలుకు పోతే జీతం మిగలదు. ఈ చిక్కుకు మందు కనిపెట్టినవాడు ఒక బెంగాలీ పెద్దమనిషి.

ఆయన పేరు ఇందుమాధవ మల్లిక్. 1869లో పుట్టి 1917లో గతించినాడు. వైద్యమూ చదివినాడు, న్యాయశాస్త్రమూ చదివినాడు. 1910లో ఆయన ఇక్మిక్ కుక్కరు అనే సాధనం తయారుచేసినాడు. హైజీనిక్, ఎకనమిక్ అనే రెండు మాటల తోకలు కలిపి ఆ పేరు పెట్టినాడని చెబుతారు. చూడటానికి పెద్ద టిఫిన్ క్యారియరు వంటిది. బయట ఒక పొడుగాటి డబ్బా, అడుగున బొగ్గుల గూడు, లోపల ఒకదానిమీద ఒకటిగా గిన్నెలు. ఒక గిన్నెలో బియ్యం, ఒకదానిలో పప్పు, ఒకదానిలో కూర, కావాలంటే ఇంకొకదానిలో మాంసం పెట్టి, మూత బిగించి, నాలుగు బొగ్గులు రాజేసి పోవచ్చును. బొగ్గులు కాలినంతసేపు కాలి తమంతట తామే ఆరిపోతాయి. మనిషి తిరిగి వచ్చేసరికి ఆవిరి మీద అన్నీ ఉడికి వేడిగా ఉంటాయి. కలకత్తాలో మెస్సుల్లో ఉండి చదువుకునేవారు, గుమాస్తాలు, ప్రయాణాలు చేసేవారు దీనిని బాగా వాడినారు.

ఆయనకు ఈ ఆలోచన ఎక్కడ తట్టిందన్నదే మనవారు వినవలసిన సంగతి. పూరీ జగన్నాథుని వంటశాల చూచి తట్టిందని చెప్పుకుంటారు. మనలో పూరీ వెళ్ళనివారుండరు. అక్కడ మట్టికుండలు ఒకదానిమీద ఒకటిగా కట్టెల పొయ్యి మీద పేరుస్తారు. కింది కుండ ఆవిరి పైకుండకు పోతుంది. ఉల్లి, వెల్లుల్లి సోకని ఆ మహాప్రసాదపు వంట పద్ధతినుంచి ఒక మెస్సు కుర్రవాడి మాంసం గిన్నె పుట్టడం వింత కాదా? పెద్దలు కోపగించకూడదు, ఆవిరికి మడి లేదు.

కుక్కరు కొనలేనివారికి బొగ్గుల కుంపటి ఉండనే ఉన్నది. ఆవిరి ఇంజన్లున్న రోజుల్లో రైల్వేకాలనీల పిల్లలు ఇంజన్లు దులిపిన బూడిదలో సగం కాలిన బొగ్గులు ఏరితెచ్చేవారు. నా ఈడువారు అది చూచి ఎరగరు. బ్రాడ్‌గేజిమీద ఆవిరి ఇంజను 1995తోనే సెలవు పుచ్చుకున్నది. కాని ఆ బొగ్గు మీద రాత్రంతా సన్నగా ఉడికిన తలకాయ పులుసు, కాళ్ళ పులుసు గురించి తండ్రుల నోట వినని రైల్వే ఇల్లు లేదు. కాళ్ళూ తలకాయా చవక. చవకది గట్టిగా ఉంటుంది, గట్టిది మెత్తబడటానికి కాలం కావాలి. కండలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పీచుపదార్థం తొందరపెడితే ఇంకా బిగుస్తుంది. డెబ్బై డిగ్రీలకు పైబడిన సన్నవేడిలో గంటలకొద్దీ ఉంచితే కరిగి జిగురవుతుంది. చల్లారిన కాళ్ళ పులుసు గడ్డకట్టేది ఆ జిగురువల్లనే. డబ్బు లేనిచోట కాలం ఖర్చుపెట్టడం అన్నమాట.

ఇక హైదరాబాదు సంగతి. మీట్‌లోఫుకు మన తెలుగుదేశంలో దగ్గర చుట్టం ఏదని అడిగితే హలీం అని చెబుతాను. రెండింటిలోనూ మాంసాన్ని మాంసంగా ఉండనివ్వరు. ఒకచోట తరిగి రొట్టెపొడితో కలుపుతారు, ఇంకొకచోట గోధుమతో కలిపి ఉడికించి కర్రతో మెదుపుతారు. ఇటుకా మట్టీ పెట్టి కట్టిన భట్టీలో పెద్ద డేగిసా దించి, కట్టెల సన్నసెగ మీద పది పన్నెండు గంటలు ఉంచుతారు. దీనిని హైదరాబాదుకు తెచ్చినవారు అరబ్బులు. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతంనుంచి వచ్చిన సిపాయిలు ఉన్న బారకాసులే నేటి బార్కస్ పేట. వారి ఇళ్ళల్లో వండుకునే హరీస్ అనే వంటకం మన మసాలాలు కలిసి హలీం అయింది. ఏడవ నిజాం కాలంలో సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ అనే హద్రమౌత్ వంశపు ప్రభువు విందుల్లో పెట్టి దానికి పెద్దపేరు తెచ్చినాడంటారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో మాంసపు వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. ఊరు విడిచి వచ్చిన సిపాయిల కూడు, వచ్చిన ఊరికే గుర్తు అయింది! ఖర్గపూరులోనూ బరంపురంలోనూ ఉన్న మనకు ఈ ముచ్చట కొంత ధైర్యం ఇవ్వాలి.

ఇప్పుడు కరెంటు కుండ దగ్గరకు వద్దాము. దీని కథ కూడా వలసవారి కథే. యూదులు శనివారం నిప్పు రాజెయ్యరు. అందుచేత శుక్రవారం పొద్దు గుంకకముందే మాంసం, చిక్కుడుగింజలు, బార్లీ వంటివి కుండలో పోసి ఆరిపోతున్న పొయ్యిలో పెట్టి మరునాడు తింటారు. ఆ వంటను చోలెంట్ అంటారు. లిథువేనియాలోని విల్నా పట్టణంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకావిడ ఇంటి కుండను వీధిలోని రొట్టెల బట్టీకి మోసుకుపోయేది. బట్టీ ఆర్పిన తరువాత మిగిలిన వేడిలో అది రాత్రంతా ఉడికేది. ఆవిడ అమెరికా చేరింది. 1902లో పుట్టిన ఆమె కొడుకు ఇర్వింగ్ నాక్సన్ ఇంజనీరు అయినాడు. ఎండాకాలంలో ఇల్లు వేడెక్కకుండా వంట చేసే సాధనం కావాలని ఆలోచిస్తుండగా తల్లి చెప్పిన కుండ కథ జ్ఞాపకం వచ్చింది. కుండ చుట్టూ వేడితీగ చుట్టి 1936లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు, 1940లో చేతికి వచ్చింది. ఒరిస్సా రాష్ట్రం పుట్టిన ఏడాదే ఆ దరఖాస్తూ పుట్టింది. ఊరికే జ్ఞాపకం పెట్టుకోవడానికి చెబుతున్నాను.

నాక్సన్ సాధనం చాలాకాలం చిక్కుళ్ళు ఉడకబెట్టే హోటళ్ళకే అమ్ముడుపోయేది. 1970లో రైవల్ అనే కంపెనీ అతని వ్యాపారం కొని, 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో బజారులో పెట్టింది. ఆ రోజుల్లో అమెరికాలో ఆడవారు లక్షలాదిగా ఉద్యోగాలకు పోతున్నారు. వంటావిడ ఇంట లేకపోయినా వంట అవుతుందనే అర్థం వచ్చేట్టు కంపెనీ ప్రకటనలు వేసింది. కుండ విపరీతంగా అమ్ముడుపోయింది. దాలి గుట్టు కూడా అదే గదా.

మీట్‌లోఫ్ మాత్రం అంతకంటె పాతది. 1930లలో అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యం వచ్చి ఉద్యోగాలు పోయినప్పుడు అది ఇంటింటి వంట అయింది. శేరు మాంసం కొనలేనివారు అరశేరు కైమాకు పాతరొట్టె పొడీ, ఓట్లూ కలిపి కుటుంబమంతకూ సరిపెట్టుకునేవారు. మన ఇళ్ళల్లో మాంసంలో సొరకాయ, శనగపప్పు, దోసకాయ, గోంగూర పడేది కూడా మొదట ఇందుకేనని నా ఊహ. గోంగూర మాంసాన్ని ఇప్పుడు పెళ్ళిళ్ళలో గొప్పగా వడ్డిస్తున్నారు. ఒకప్పుడది అరశేరును శేరు చేసే ఉపాయం.

మన దేశంలో స్లో కుక్కరు పాతుకోలేదు. కారణం తెలిసిందే. 1959 ప్రాంతంలో ఇక్కడ ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలైంది. గంటల పనిని ఈలల లెక్కకు తెచ్చిన సాధనం ఎదుట దాలి, కుంపటి, ఇక్మిక్ ఏవీ నిలువలేదు. దానికితోడు గ్యాసు వచ్చింది, పిడకలు తట్టేవారు కరువైనారు. ఇది చెడ్డదని నేను అనను. పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవారిని అడిగితే దాలి గొప్పతనం మనకంటె వేరుగా చెబుతారు. తరువాత 2010లో చైనానుంచి కెనడాకు వలసపోయిన రాబర్ట్ వాంగ్ అనే ఇంజనీరు, వేగపు కుక్కరునూ నిదానపు కుక్కరునూ ఒకే పాత్రలో కలిపి ఇన్‌స్టంట్ పాట్ అని బజారులో పెట్టినాడు. అమెరికాలోని మన తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడు అది దేవుడిగది తరువాతి స్థానం ఆక్రమించిందని విన్నాను.

ఇంతా చెప్పి వండే విధానం చెప్పకపోతే ఆడవారు క్షమించరు. కైమా ఒక కిలో. రొట్టెపొడికి బదులు పుట్నాలపప్పు పొడి గుప్పెళ్ళు మూడు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు రెండు, గుడ్లు రెండు, అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర, గరంమసాలా, ఉప్పు. చేత్తో కలపాలి గాని పిసకకూడదు, పిసికితే గట్టిపడుతుంది. రొట్టె ఆకారంగా ఒత్తి, తీయడానికి వీలుగా అడుగున రెండు రేకుకాగితపు పట్టీలు అడ్డంగా పరచి దానిమీద పెట్టాలి. పైన టమాటా ముద్దలో కాస్త బెల్లం, చింతపండు కలిపి పూస్తే అమెరికావారి కెచప్పు కంటె బాగుంటుంది. నీరు పోయనక్కరలేదు. తక్కువ సెగమీద సుమారు ఆరుగంటలు, ఎక్కువ సెగమీద మూడునాలుగు గంటలు. తీసిన తరువాత పదినిమిషాలు ఆగి కోయాలి, లేకపోతే విరిగిపోతుంది. మధ్యలో మాటిమాటికీ మూత తీసి చూడటం మన అలవాటు. ఈ కుండ దగ్గర అది పనికిరాదు. మూత తీసినప్పుడల్లా పోయిన వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

రెండుమూడు జాగ్రత్తలు తప్పవు. మంచుపెట్టెలో గడ్డకట్టిన మాంసాన్ని తిన్నగా ఇందులో పెట్టరాదు. సెగ సన్నం కాబట్టి అది చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది, ఆ వేడిలోనే విషక్రిములు పెరుగుతాయి. కైమా లోపలిదాకా కనీసం డెబ్బైఒక్క డిగ్రీల వేడి పట్టాలి. రాజ్మాగింజలు వేసేవారు నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరే పొయ్యిమీద పదినిమిషాలు తెర్లించి మరీ వెయ్యాలి. పచ్చివాటిలోని విషపదార్థం సన్నసెగకు చావదు. ఇక అన్నిటికంటె ముఖ్యం, అమెరికా కుండ నూటపది, నూటయిరవై వోల్టులది. మనది రెండువందల ముప్పై. నేను పైన చెప్పిన లంజిపల్లి ఇంట్లో రెండవసారి వండబోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు మరచి తిన్నగా ప్లగ్గులో పెట్టినారు. ఈసారి కూర ఎనిమిది గంటలు పట్టలేదు, ఎనిమిది క్షణాల్లో కుండే కాలింది! పెద్దావిడకు మళ్ళీ నవ్వే అవకాశం దొరికింది. ఇక్కడే కొనుక్కునేవారికి ఆ బాధ లేదు. రెండువందల వాట్ల కుండ ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్లకు కాస్త పైన తాగుతుంది, అంతే.

నాక్సన్ పేరు పేటెంటు కాగితం మీద ఉన్నది. మల్లిక్ పేరు కుక్కరుతోపాటు నిలిచింది. విల్నాలో కుండ మోసిన తల్లి కథ కొడుకు చెప్పబట్టి మనకు తెలిసింది. మన వీధుల్లో దాలి పెట్టడం తెలిసిన ఆడవారు ఇంకా కొందరున్నారు. వారి పేర్లు గాని, వారి లెక్కలు గాని ఏ కాగితం మీదా లేవు. గుంట ఎంత లోతు ఉండాలి, పిడకలు ఎన్ని, ఊక మేలా బూడిద మేలా, వానాకాలంలో ఏమి చేసేవారు, మాంసపు కుండను దాలి మీద పెట్టనిచ్చేవారా లేదా, ఇవన్నీ ఇంట్లో పెద్దవారిని అడిగి వ్రాసి మన సంఘానికి పంపండి. వచ్చే ఉగాది సంచికలో వేయించే పూచీ నాది. తెలుగు వ్రాత రాని పిల్లలు ఒడియాలో వ్రాసి పంపినా ఫరవాలేదు, మేము తెలుగు చేసుకుంటాము.